ఆగగలిగినవాళ్లే ముందు ఆగాలి: విస్కీ బట్టీలు, నది నీరు

2018 వేసవిలో స్కాట్లండులో వారాల తరబడి వానలు సరిగా పడలేదు. స్పే నది పరీవాహకంలోని గ్లెన్‌ఫార్క్లస్ డిస్టిలరీ ఆ ఏడు నీరు చాలక సుమారు ఒక నెల ఉత్పత్తిని వదులుకుంది. మరికొన్ని డిస్టిలరీలు కూడా బట్టీలు ఆపి వాన కోసం ఎదురుచూశాయి. ఏడాది పొడవునా ముసురు పట్టి ఉంటుందని మనం ఊహించుకునే దేశంలో, ఊటనీటి పేరు చెప్పుకొని సరుకు అమ్ముకునే పరిశ్రమకు ఇలా జరగడం చూశాక, నేను ఈ విషయాన్ని కొంత శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

విజయవాడలో కూర్చుని స్కాచ్ విస్కీ నీటి గురించి రాయడం ఎందుకని అడిగేవాళ్లకు రెండు జవాబులున్నాయి. చాలా ఏళ్లు రసాయన ఇంజనీరింగ్ పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి, ఆవిరిని చల్లబరచడానికి ఎంత నీరు కావాలన్న ప్రశ్న నాకు పాత పరిచయం. రెండవది, 2022లో మన దేశం ఫ్రాన్సును దాటి 21.9 కోట్ల సీసాలతో పరిమాణం రీత్యా స్కాచ్‌కు ప్రపంచంలోనే అతిపెద్ద మార్కెట్ అయింది. 2025 జులైలో బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం ప్రకారం, 150 శాతంగా ఉన్న దిగుమతి సుంకం ముందు 75 శాతానికి, ఆపైన పదేళ్లలో 40 శాతానికి దిగుతుంది. అక్కడి వాగుల మీద పడే ఒత్తిడిలో మన గ్లాసుల వాటా చిన్నదేమీ కాదు. నేను మద్యం తాగను. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు నిలిచిన రోజుల్ని చూసిన తరం నాది. అయినా కర్మాగారం ఒకటి నడుస్తున్నంత కాలం, అది ఎవరి నీరు తీసుకుంటోంది, ఎప్పుడు తీసుకుంటోంది అని అడిగే హక్కు తాగేవాళ్లకెంత ఉందో తాగనివాళ్లకూ అంతే ఉంది.

నా వాదన ఇది. మారుతున్న వాతావరణంలో డిస్టిలరీలకు నీటి భరోసా అంటే ఇంకో బోరు, ఇంకో పైపు, ఇంకో అనుమతి పత్రం అని చాలామంది అనుకుంటున్నారు. విస్కీ పీపాల్లో ఏళ్లకు ఏళ్లు ఆగే సరుకు. అంతకాలం ఆగగలిగే సరుకును తయారుచేసేవాళ్లు, నీరు తక్కువైన నాడు అందరికన్నా ముందు ఆగడానికి సిద్ధపడాలి. ఆ ఆగడాన్ని ఆపదగా చూడకుండా వార్షిక ప్రణాళికలో భాగంగా రాసుకున్న డిస్టిలరీకే నిజమైన భరోసా ఉంటుంది.

నీరు ఎక్కడ ఖర్చవుతుందో ముందు చూడాలి. బార్లీని నానబెట్టి మొలకెత్తించడానికి, ఆ మాల్ట్ పిండిని వేడినీటితో కలిపి తీపిని దించడానికి, చివరగా ఘాటు స్పిరిట్‌ను పలచన చేయడానికి నీరు కావాలి. ప్రకటనల్లో కనిపించే స్ఫటికంలాంటి ఊటనీరు ఇదే. పరిమాణంలో అన్నిటినీ మించిపోయేది మాత్రం రాగి బట్టీ నుంచి వచ్చే ఆవిరిని తిరిగి ద్రవంగా మార్చే కండెన్సర్ నీరు. అందుకే చాలా డిస్టిలరీలు పిండి కలపడానికి ఊట మీద, చల్లబరచడానికి పక్కనున్న వాగు మీద ఆధారపడతాయి. ఊట కొంత నిలకడగా ఉన్నా వాగు ఎండితే బట్టీ ఆగిపోతుంది.

వాగులో నీరు తగ్గడం ఒక్కటే సమస్య అయితే లెక్క సులువుగా ఉండేది. నీరు వేడెక్కడం కూడా అంతే ముఖ్యం. కిలో నీటి ఆవిరి ద్రవంగా మారేటప్పుడు సుమారు 2,260 కిలోజౌళ్ల వేడిని వదులుతుంది. చల్లబరిచే నీరు 10 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లి 60 డిగ్రీల దగ్గర బయటికి వస్తుందనుకుంటే, కిలో ఆవిరికి సుమారు 11 లీటర్లు చాలు. అదే వాగు 20 డిగ్రీలకు వేడెక్కితే పదమూడున్నర లీటర్లు కావాలి. మే నెలలో 32 డిగ్రీలున్న నీటితో ఆ పని చేయాలంటే 19 లీటర్లు దాటుతుంది. బట్టీలో లేచేది నీరూ ఆల్కహాలూ కలిసిన ఆవిరి కాబట్టి అసలు అంకెలు ఇంతకన్నా తక్కువే ఉంటాయి, నిష్పత్తి మాత్రం ఇదే. అంటే వాగు సన్నబడిన వారాల్లోనే ఆ వాగు నుంచి ఎక్కువ నీరు తోడవలసి వస్తుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి విద్యార్థులను తీసుకెళ్లినప్పుడు నేను చూపించదలచుకున్నది కూడా ఈ ఎదురుబొదురు నడకనే.

పాత పద్ధతిలో చన్నీటి తొట్టెలో రాగి గొట్టాన్ని చుట్టలుగా ముంచి ఆవిరిని చల్లబరిచే డిస్టిలరీలు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. స్కై ద్వీపంలోని టాలిస్కర్, హైలాండ్స్‌లోని డాల్‌విన్నీ ఆ కోవలోవి. అక్కడ నీటి వేడి రుచినే మార్చేస్తుంది. నీరు బాగా చల్లగా ఉంటే ఆవిరి త్వరగా ద్రవమై రాగిని తక్కువసేపు తాకుతుంది, స్పిరిట్ బరువుగా వస్తుంది. నీరు గోరువెచ్చనైతే రాగితో స్పర్శ పెరిగి స్పిరిట్ తేలికపడుతుంది. తమ సరుకు రుచిని తరాల తరబడి కాపాడుకుంటున్నామని చెప్పుకునేవాళ్లకు వాగు ఉష్ణోగ్రత పక్కన పెట్టదగిన విషయం కాదు.

వాడిన నీటిని వాగులోకే తిరిగి వదులుతున్నాం కదా అన్న సమాధానం పరిశ్రమ నుంచి తరచుగా వినిపిస్తుంది. అందులో సగం నిజముంది. తోడిన నీరు వేరు, ఖర్చైపోయిన నీరు వేరు, ఈ తేడాను విమర్శకులు కూడా గమనించాలి. కానీ తోడిన చోటికీ వదిలిన చోటికీ మధ్య వాగు బక్కచిక్కిపోతుంది, వదిలిన నీరు వెచ్చగా ఉంటుంది. స్పే నది సాల్మన్ చేపలకూ, మంచినీటి ముత్యపు ఆల్చిప్పలకూ చట్టరక్షణ ఉన్న నది. రెండూ చన్నీటి జీవులే. ఇక కూలింగ్ టవర్ పెడితే తోడవలసిన నీరు బాగా తగ్గుతుంది గానీ, తోడిన దాంట్లో ఎక్కువ భాగం గాలిలో కలిసిపోయి నదికి తిరిగి రాదు. ఏ దారి పట్టినా నది కొంత చెల్లించుకోవలసిందే. ఆ చెల్లింపు ఏ నెలలో పడుతుందన్నది అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు పాతకాలం డిస్టిలరీల దగ్గర ఒక జవాబు ఉండేది. వేసవిలో వాగులు సన్నబడి నీరు వెచ్చబడినప్పుడు వాళ్లు బట్టీలు ఆర్పేసేవాళ్లు. పనివాళ్లు పీట్ మట్టి (చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్లి ఏర్పడే, పొయ్యిలో కాల్చే మట్టి) తవ్వుకోవడానికో, పొలం పనులకో వెళ్లేవాళ్లు. చలి మొదలయ్యాక మళ్లీ పొయ్యి వెలిగేది. దాన్ని మౌన రుతువు అని పిలుచుకునేవాళ్లు. కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది వింతగా తోచదు. రబీ అయిపోయాక కాలువలు కట్టేసేవాళ్లు. ఆ రోజుల్లో పూడిక తీసేవాళ్లు, తూములకూ లాకులకూ మరమ్మతులు జరిగేవి, లస్కర్లు గట్లు చూసుకునేవాళ్లు. కాలువ కట్టేస్తారని తెలుసు కాబట్టే ఊరి చెరువును ముందే నింపుకునేవాళ్లు. నీరు రాని కాలం ముందే తెలిసి ఉండటం వల్ల ఆ కాలానికి తగ్గ బతుకు ఏర్పడింది. గిరాకీ పెరిగి, బట్టీలు ఏడాదంతా వెలగడం మొదలయ్యాక స్కాట్లండులో ఆ మౌన రుతువు కొద్దిరోజుల మరమ్మతు విరామంగా కుదించుకుపోయింది. సరిగ్గా అదే కాలంలో వేసవులు వేడెక్కాయి. 2018లో బయటపడ్డ కష్టంలో వాన చేసింది ఎంతో, ఈ క్యాలెండర్ మార్పు చేసింది కూడా అంతే అని నా నమ్మకం.

కొందరు డిస్టిలరీ యజమానులు చేస్తున్న మంచి పనుల్ని చెప్పకపోవడం అన్యాయం. గ్లెన్‌మోరాంజీ తన టార్లోగీ ఊటల చుట్టూ ఉన్న భూమిని కొనుక్కుని కాపాడుకుంది. గ్లెన్‌లివెట్ దగ్గర బ్లెయిర్‌ఫిండీ కొండనేలల్లో చిన్న పాయలకు అడ్డంగా నీరు మెల్లగా కారిపోయేలా కట్టలు వేసి, వాన నీరు నేలలోకి ఇంకి ఊటలకు చేరుతుందా అని యజమాని సంస్థ షివాస్ బ్రదర్స్‌తో కలిసి పరిశోధకులు పరిశీలించారు. అదే సంస్థ గ్లెన్‌టాకర్స్‌లో బట్టీ ఆవిరిని మళ్లీ ఒత్తిడికి గురిచేసి ఆ వేడినే తిరిగి వాడుకునే యంత్రాలు పెట్టింది. వేడి బయటికి పోవడం తగ్గినప్పుడు దాన్ని చల్లార్చే నీరు కూడా తగ్గుతుంది. సంటోరీ సంస్థ 2030 నాటికి 1,300 హెక్టార్ల పీట్ నేలల్ని పునరుద్ధరిస్తానంది. గుంటలు తవ్వి ఎండబెట్టిన పీట్ నేల వాన పడగానే నీటిని వదిలేస్తుంది, తడిగా ఉంచిన పీట్ నేల దాన్ని వారాల పాటు నెమ్మదిగా వదులుతుంది. ఐలా ద్వీపంలోని కోల్ ఈలా సముద్రపు నీటితోనే కండెన్సర్లు చల్లబరుస్తోంది. తీరాన ఉన్న డిస్టిలరీకి ఇంతకన్నా తెలివైన దారి లేదు, కొండ లోయల్లో ఉన్నవాటికి ఆ అవకాశం లేదు. స్కాచ్ విస్కీ అసోసియేషన్ కూడా ఒక లీటరు శుద్ధ ఆల్కహాలుకు 12.5 నుంచి 25 లీటర్ల నీటి పరిధిలోకి అన్ని డిస్టిలరీలూ రావాలని లక్ష్యం పెట్టుకుంది.

ఇవన్నీ మెచ్చుకోదగినవే. అయితే ఈ లక్ష్యంలో నన్ను ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. అది లీటరుకు ఇంత అని కొలుస్తుంది. లీటరుకు వాడకం పావువంతు తగ్గించి, లీటర్ల సంఖ్యను సగం మేర పెంచితే నది మీద భారం పెరుగుతుంది. పైగా ఏడాది సగటు ఆగస్టు నెల కష్టాన్ని దాచేస్తుంది. నదికి సగటుతో పనిలేదు, తనలో నీరు లేని వారంలో ఎవరెంత తోడారన్నదే దానికి ముఖ్యం. ఈ సగటుల సంగతి బెజవాడవాళ్లకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. 2023లో ఎగువ నుంచి వరద సరిగా రాక శ్రీశైలం నిండలేదు, 2024 వేసవిలో నీటికి కటకటలాడాం. అదే 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయింది, బుడమేరు ఊరిని ముంచింది. ఈ రెంటినీ కలిపి సగటు తీస్తే ఏ కష్టమూ లేనట్టే కనిపిస్తుంది.

స్పే నదిని చదువుతున్నప్పుడు నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి ఉంది. ఆ నది ఎగువన స్పే డ్యామ్ నుంచి కొంత నీటిని పడమటికి మళ్లించి, ఫోర్ట్ విలియంలోని అల్యూమినియం కర్మాగారానికి జలవిద్యుత్తు తయారుచేస్తారు. ఆ నీరు మళ్లీ స్పేకు రాదు. మన కృష్ణా ఎగువన కోయనా దగ్గర జరుగుతున్నదీ అదే. పరీవాహకంలోని నీటిని పశ్చిమానికి మళ్లించి, విద్యుత్తు తీసి, అరేబియా సముద్రంలో కలుపుతున్నారు. దిగువన డిస్టిలరీలూ జాలర్లూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటుంటే, ఎగువన ఎన్నడో రాసుకున్న ఒప్పందం ఎవరి కంటా పడకుండా సాగిపోతుంది. డిస్టిలరీని తప్పుపట్టేముందు నది మొత్తం లెక్క బల్ల మీద పెట్టాలనే మాట అందువల్లే అంటున్నాను. ఆ లెక్క పెట్టాక కూడా డిస్టిలరీ వంతు డిస్టిలరీకి మిగులుతుంది.

ఆ వంతు ఎక్కడ ఉండాలి? స్కాట్లండులో పర్యావరణ సంస్థ సెపా కరువును అంచెలుగా ప్రకటిస్తుంది. తీవ్రత పెరిగితే నీరు తోడే అనుమతుల్ని తాత్కాలికంగా ఆపుతుంది. 2022 ఆగస్టులో ఫైఫ్‌లోని ఈడెన్ నది దగ్గర రైతులకు ఆ ఉత్తర్వు వచ్చింది. కూరగాయల పంట చేతికొచ్చే వేళ నీరు ఆగితే ఆ రైతు ఏడాది పోతుంది. విస్కీ సంగతి వేరు. చట్టం ప్రకారం స్కాచ్ కనీసం మూడేళ్లు ఓక్ పీపాలో ఉండాలి, పేరున్నవి పన్నెండు, పద్ధెనిమిదేళ్లు ఉంటాయి. స్కాట్లండు గోదాముల్లో ఈవేళ 2.2 కోట్ల పీపాలు నిద్రపోతున్నాయి. ఆ గోదాము ఒక గాదె. అందులో ఏళ్ల తరబడి కురిసిన వానలు సరుకు రూపంలో నిల్వ ఉన్నాయి. ఈ వేసవి ఆరు వారాలు బట్టీ ఆరిపోతే దుకాణంలో సీసా కొరత రేపు రాదు. పన్నెండేళ్ల తర్వాత ఒక చిన్న సందు కనిపిస్తుంది, దాన్ని ముందు వెనుకల పీపాలతో సర్దుకోవచ్చు. రేపల్లె, నాగాయలంక వైపు శివారు భూముల రైతుకు అక్టోబరులో వరి పొట్టదశలో ఉండగా పది రోజులు నీరు తప్పితే సర్దుకోవడానికి ఏమీ ఉండదు. ఎవరు ముందు ఆగాలన్నది నాకు ఇందులోనే స్పష్టంగా కనిపిస్తుంది.

దీనికి ఎదురుచెప్పేవాళ్ల మాటల్లో బలమైనవి ఉన్నాయి. పెద్ద సంస్థ ఆరు వారాలు ఆగగలదు, అప్పు చేసి పెట్టిన చిన్న డిస్టిలరీ ఆగలేదు. పనివాళ్ల జీతాలు ఆగకూడదు. మాల్ట్ సరఫరాకు ముందే ఒప్పందాలుంటాయి. ఇవన్నీ నిజాలే. కానీ ఇవి హఠాత్తుగా ఆగడం వల్ల వచ్చే కష్టాలు. జూన్ నుంచి ఆగస్టు దాకా బట్టీ వెలగకపోవచ్చునని జనవరిలోనే తెలిస్తే మాల్ట్ ఒప్పందం దానికి తగ్గట్టు రాసుకోవచ్చు, పీపాల మరమ్మతులూ యంత్రాల మార్పులూ ఆ నెలల్లో పెట్టుకుని పనివాళ్లకు జీతం ఇవ్వవచ్చు, చలికాలంలో నీరు పుష్కలంగా, చల్లగా ఉన్నప్పుడు రెండు షిఫ్టులకు బదులు మూడు నడపవచ్చు. చల్లని నీటితో అదే లీటరుకు తక్కువ నీరు పడుతుందన్న పై లెక్క ఇక్కడ లాభంగా మారుతుంది.

మన దగ్గరికి వచ్చేసరికి ఈ వాదన కొంత మెలిక తిరుగుతుంది, దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే దాంట్లో అధికభాగానికి మూలం మొలాసిస్ (చక్కెర తీయగా మిగిలే మడ్డి) నుంచో, నూకల నుంచో తీసిన ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్, అంటే రుచీ వాసనా దాదాపు లేని శుద్ధ ఆల్కహాల్. అది పీపాల్లో ఏళ్లు గడపదు. 2004లో గ్లాస్గోలో అడుగుపెట్టిన బెంగళూరు అమృత్ లాంటి సింగిల్ మాల్ట్‌లు (ఒకే డిస్టిలరీలో మాల్ట్ బార్లీతో చేసే విస్కీలు) పీపాల్లో ఉంటాయి గానీ, స్కాట్లండులో ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోయే చోట ఇక్కడి ఎండలకు 10 శాతం దాకా పోతుంది. కాబట్టి మన గాదె చిన్నది, ఖరీదైనది. అయినా సూత్రం చెల్లకుండా పోదు. ఉయ్యూరు లాంటి చోట చెరకు గానుగ చలికాలంలో ఆడుతుంది. మొలాసిస్ తొట్టెల్లో నిల్వ ఉంటుంది, తీసిన ఆల్కహాలు కూడా నిల్వ ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎక్కువ తీసి, ఏప్రిల్, మే నెలల్లో బట్టీ తగ్గించడానికి కావలసింది అదనపు తొట్టెలు, దానికి పెట్టుబడి. ఆ పెట్టుబడి కర్మాగారం పెట్టుకోవాలి. నూకలతో నడిచేవాటికైతే ఈ వెసులుబాటు ఇంకా ఎక్కువ, బియ్యం ఏ నెలలోనైనా నిల్వ ఉండే సరుకే.

పెట్రోలులో కలిపే ఇథనాల్ వల్ల ఈ ప్రశ్న విస్కీని దాటి పెద్దదైంది. చెరకు నుంచి తీసే ఒక లీటరు ఇథనాల్‌కు పంటతో కలిపి 2,860 లీటర్ల నీరు పడుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ కర్మాగారం వద్దని 2024లో జనం రోడ్డెక్కినప్పుడు దాన్ని అభివృద్ధి వ్యతిరేకత అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో, నీరు తక్కువైన నాడు ముందు ఎవరు ఆగుతారో రాతపూర్వకంగా చెప్పమని అడిగే న్యాయమైన ప్రశ్న వినిపించింది.

ఆ రాత ముందే లేకపోతే ఏమవుతుందో మరాఠ్వాడా చూపించింది. 2016 ఏప్రిల్‌లో లాతూరుకు రైల్లో తాగునీరు మోయవలసి వచ్చిన రోజుల్లో, ఔరంగాబాద్ చుట్టుపక్కల బీరు, మద్యం కర్మాగారాలకు నీరు సాగుతూనే ఉంది. బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం జోక్యం చేసుకుని, మే 10 నుంచి వాటికి 60 శాతం, ఇతర పరిశ్రమలకు అంతకన్నా తక్కువ మేర కోత పెట్టమంది. 2002 జాతీయ జలవిధానం తాగునీటినీ సాగునూ ముందు వరుసలో, పరిశ్రమను తర్వాతి వరుసలో పెట్టి అప్పటికి పద్నాలుగేళ్లు. అయినా ఎండాకాలం నడిమధ్యలో న్యాయమూర్తులు శాతాలు నిర్ణయించవలసి వచ్చింది. కర్మాగారానికి కూడా అది మేలు చేయలేదు. వారం ముందు చెప్పి కోత పెడితే ఏ యాజమాన్యం సర్దుకోగలదు?

మన రాష్ట్రంలో నదినో కాలువనో నేలబావినో ఆధారం చేసుకున్న ప్రతి డిస్టిలరీ అనుమతిలోనూ, శ్రీశైలం, సాగర్, ప్రకాశం బ్యారేజీ నీటిమట్టాలు ఏ స్థాయికి దిగితే అది ఎంత తగ్గించాలో, ఏ స్థాయిలో పూర్తిగా ఆపాలో అంచెలుగా రాసి ఉండాలని నేను కోరుతున్నాను. కూలింగ్ టవర్లకు నగరంలో శుద్ధిచేసిన మురుగునీటినే ముందు వాడాలి. బోరు మీటరు అంకెలు నెలనెలా ఊరి పంచాయతీ బోర్డు మీదకు రావాలి. కింది రైతుల నీటి సంఘాలకు ఆ అంకెల్ని ప్రశ్నించే అధికారం ఉండాలి. ఆ అంచెల పట్టికను జలాశయాలు అడుగంటాక కలెక్టరు దగ్గర జరిగే అత్యవసర సమావేశంలో తేల్చడం కన్నా, ఆ ఏడు సాగర్‌కు ఎంత నీరొస్తుందో డిస్టిలరీ యజమానికీ శివారు రైతుకూ ఇద్దరికీ తెలియని జూన్ మొదటి వారంలోనే, ఇద్దరినీ కూర్చోబెట్టి రాసి సంతకాలు తీసుకోవాలి.